అక్క పడిపోయింది, ప్రార్థన చేయండి

ఇది కక్షతో రాస్తున్నాను. ముందే చెప్పేస్తే మంచిది, మధ్యలో ఎవరూ ప్రేమ, కరుణ లాంటివి వెతుక్కుని నిరాశ పడరు. క్రైస్తవులు బైబిల్లో ఉన్నట్టు బతుకుతున్నారా లేదా అని ఐర్లండ్‌లోని మా అత్లోన్ కాలేజీ క్యాంటీన్లో కూడా వాదించుకునేవాళ్ళు ఉన్నారు. ఆ వాదనలో నేనెప్పుడూ దిగలేదు. నాకు ప్రపంచంలోని క్రైస్తవులందరూ తెలీదు. తెలిసింది ఒక సంఘం, అందులో ఒక అంకుల్, ఒక ఆంటీ, వాళ్ళు చూడటానికి రాని ఒక విరిగిన చీలమండ. వాటి గురించి మాత్రమే చెప్తాను. అది కూడా పూర్తి పక్షపాతంతో.

నాది హిందూ కుటుంబం. చదివింది మాత్రం గుంటూరులో మిషన్ స్కూల్లో. అక్కడ బైబిల్ వచనాలు ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పి ఏటా స్టీలు డబ్బాలు గెలుచుకునేవాణ్ణి. మా అమ్మ ఇప్పటికీ పోపు దినుసులు వాటిలోనే పోస్తుంది. కాబట్టి నాకు బైబిల్ వచ్చు. సంఘంలో మాట్లాడే తెలుగు రాదు. ఈ రెండూ వేరువేరు సబ్జెక్టులని అప్పటికి తెలీదు.

అక్క నాకు తోబుట్టువు కాదు. మేమిద్దరం ఒకే ఇంట్లో చెరో గది అద్దెకు తీసుకున్నాం, అంతే. ఐర్లండ్‌లో గది దొరికిన మనిషి పక్క గదిలో ఎవరున్నారని అడగడు. దొరికినందుకు దణ్ణం పెట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంటాడు. అక్కది తెనాలి వైపు. ఊరి చివర వృద్ధాశ్రమంలో పని చేస్తుంది. ముసలివాళ్ళను లేపడం, కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, నిన్న చెప్పిన కథే ఇవాళా చెప్తే మొదటిసారి విన్నట్టు వినడం. ఆ చివరి పని అన్నిటికంటే బరువని అంటుంది.

ఆదివారం మాత్రం ఆమె టీచరు. తెలుగు సంఘం వాళ్ళు ఒక కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటారు. స్టేజీ వెనక చిన్న గదిలో పిల్లల సండే స్కూలు. ఆ పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, నోటికి మాత్రం రాదు. ప్రళయంలో తేలిన నోవహు ఓడ సముద్రం మీద వేల్స్ వెళ్ళే ఫెర్రీ కన్నా పెద్దదా అని ఐరిష్ యాసలో ఇంగ్లీషులో అడుగుతారు. ఆమె తెలుగులో చెప్తుంది. శనివారం సాయంత్రమంతా మా వంటింటి బల్ల మీద అట్టముక్కలతో గొర్రెలు కత్తిరిస్తూ కూర్చునేది. మా ఇంట్లో ఏ అర తెరిచినా ముందు గొర్రె, తర్వాత గ్లాసు కనిపించేవి.

ఒకసారి, ఎందుకింత శ్రమ అని అడిగాను.

"ఆ ముసలోళ్ళు వారమంతా నన్ను వాళ్ళ కూతురనో చెల్లెలనో అనుకుని పిలుస్తార్రా. పలుకుతాను. ఆదివారం ఒక్కరోజే నన్ను చూసి నన్నే పిలుస్తారు" అంది.

నేను వెంటనే ఏదో జోకు వేశాను. అలాంటి మాటలు గాల్లో ఎక్కువసేపు ఉంటే నాకు ఊపిరాడదు.

ఇక పడటం సంగతి. చలికాలం, పొద్దున్నే, వెనక మెట్ల మీద సన్నటి మంచు పేరుకుని ఉంది. అక్క డ్యూటీకి బయల్దేరింది. నేను టీ కప్పు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. "అక్కా, జారుద్ది చూసుకో" అని హెచ్చరించాను కూడా. కాకపోతే ఆమె కింద చేరాక. పక్కింటి ఐరిష్ తాత కంచె మీంచి చూసి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆమెను వెనక నుంచి పట్టుకుని కూర్చోబెట్టి "యూ ఆర్ గ్రాండ్, యూ ఆర్ గ్రాండ్" అన్నాడు, అంటే నీకేం కాలేదని. పాదం అప్పటికి వేరే దిక్కుకి చూస్తోంది. విరిగిన కాలుని చూసి కూడా గ్రాండ్ అనగలిగిన దేశం ఇది.

అంబులెన్సులో పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వరండాలో స్ట్రెచర్ మీద పడుకుని ఆమె అడిగింది ఒక్కటే. "మా సంఘం గ్రూపులో ప్రార్థన చెయ్యమని ఓ మెసేజ్ పెట్టరా, నా వేళ్ళు వణుకుతున్నాయి."

ఆమె ఫోన్ తీసుకుని, నా తెలుగు మీద నాకున్న గౌరవానికి తగ్గట్టు ఇలా రాశాను:

"అక్క పడిపోయింది. నేను పక్కనే ఉన్నాను, కానీ ఆపలేకపోయాను. అంతా ఒక్క క్షణంలో అయిపోయింది. ఇప్పుడు లేవలేని స్థితిలో ఉంది. దయచేసి ప్రార్థన చేయండి." కింద అదే ఇంట్లో ఉండే కుర్రాణ్ణని నా పేరు కూడా పెట్టాను.

బాగా కుదిరిందనిపించింది. క్లుప్తంగా ఉంది, బాధ ఉంది, అక్షర దోషం లేదు.

కాసేపటికి చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. తర్వాత మాటలు. "ఎంత బాధాకరం." "శోధన ఎవరినీ వదలదు." "సిస్టర్ లేచి తండ్రి ఇంటికి తిరిగి రావాలి." సంఘ పెద్దగారి భార్య, అందరూ ఆంటీ అనే ఆవిడ, విడిగా పెట్టింది: "ఈ సంగతి ఇంకెవరికీ తెలియనివ్వకండి బాబూ." ఐరోపాలో రోగుల వివరాలు గోప్యంగా ఉంచాలి కదా, ఆంటీకి చట్టం మీద మంచి అవగాహన ఉందనుకున్నాను. మిగతావాళ్ళు ఎముకల గురించి కూడా కవిత్వంలో మాట్లాడతారనుకున్నాను.

"ఏమన్నార్రా?" అంది అక్క, నొప్పి మందు మత్తులో.

"అందరూ ప్రార్థన చేస్తున్నారట. నువ్వు లేవాలట."

"మంచోళ్ళురా" అని నిద్రపోయింది.

ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. మెట్లు ఎక్కే వీల్లేదు కాబట్టి, ఇంటికొచ్చాక కింద ముందుగదిలో సోఫా మీద పడక వేశాను. సోఫా కిటికీ పక్కనే. ఇంటి ముందు కారు ఆగిన చప్పుడైతే చాలు, అక్క దుప్పటి సర్దుకునేది. ఆ సంఘంలో ఎవరికి జలుబు చేసినా ఇంటికి చారు వస్తుంది. పురుడు వస్తే వంతులేసుకుని మరీ క్యారేజీలు పంపుతారు. అక్క కూడా వానలో బస్సెక్కి వెళ్ళి ఎవరెవరికో బిర్యానీలు ఇచ్చొచ్చింది, ఆ గిన్నెలు నేనే తోమాను. ఇప్పుడు కార్లు ఆగుతున్నాయి, పక్కింటికి. పార్సిళ్ళు వస్తున్నాయి, ఎదురింటికి. మాకు వచ్చింది తాత చేసిన సూపు. అందులో ఉప్పు లేదు, కారం లేదు, వేసిన కూరగాయ ఏదో చెప్పగలిగే సాక్ష్యం లేదు. అక్క గిన్నె మొత్తం తాగింది.

"ఫోన్ చేసి రమ్మనొచ్చుగా" అన్నాను.

"అడిగితే వచ్చేది చూడ్డానికి రావడం కాదురా" అంది.

ఆ తర్వాతి ఆదివారం గ్రూపులో సంఘ పెద్ద అంకుల్ ప్రకటన వచ్చింది. "సిస్టర్ గారు ఆత్మీయంగా కోలుకునే వరకు సండే స్కూలు బాధ్యత నా భార్య చూసుకుంటారు."

అక్క ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. "ఆత్మీయంగానా? నా చీలమండకి ఆత్మ ఎక్కడిది?" తర్వాత నా వైపు తిరిగింది. "ఒరేయ్. ఆ రోజు నువ్వేం పెట్టావ్?"

రోజూ వచ్చే సూర్యోదయం బొమ్మల కింద ఎక్కడో లోతున పాతుకుపోయి ఉన్న నా మెసేజ్‌ని తవ్వి తీసి చదివింది. ముందు నవ్వింది. కట్టు కట్టిన కాలు కదిలి నొప్పి పెట్టేదాకా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలీలేదు, నేనింకా నవ్వుతూనే ఉన్నాను.

"మా సంఘంలో పడిపోయింది అంటే మెట్ల మీంచి అని కాదురా. పాపంలో అని. మగాడితో అని. అందులోనూ నువ్వు పక్కనే ఉన్నానని రాశావు."

నాకు అర్థమయ్యే సరికి టీ చల్లారిపోయింది. ఆపలేకపోయాను, ఒక్క క్షణం, లేవలేని స్థితి. ఒక్కో మాట తీసి చూస్తుంటే, సొంతంగా కూర్చుని ప్రయత్నించినా ఇంత పకడ్బందీగా రాయలేనని తెలిసింది.

"దాందేముంది, ఇప్పుడే సరిచేస్తా. కాలు జారింది అని పెడతాను."

"నీకు దణ్ణం పెడతాను ఆ ముక్క మాత్రం పెట్టకు!" అని అరిచింది.

నిజమే. అది ఇంకా ఘోరం. తెలుగులో ఒక ఆడమనిషి కింద పడటానికి మర్యాదైన క్రియ ఒక్కటి లేదు. మగాడు జారితే పాపం దెబ్బ తగిలిందా అంటారు. ఆడది జారితే ఎవరితో అంటారు. భాష మీద కోపగించుకుందామనుకున్నాను, కానీ భాషకు ఇల్లు లేదు, వెళ్ళి తలుపు తట్టడానికి. అంకుల్‌కి ఉంది.

"ఎక్స్‌రే ఫొటో పెడతాను అక్కా. కింద ఒక్క అక్షరం రాయను. సిగ్గుతో చస్తారు."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"నువ్వు రాసింది తప్పుగా చదివారు, సరే. నేను నిజంగానే పడ్డాననుకో. వాళ్ళనుకున్నట్టే. అప్పుడు మాత్రం రాకూడదా? అప్పుడేగా రావాలి. నేను పిల్లలకి చెప్పేదంతా అదేగా."

ఒక జోకు మొదలుపెట్టి మధ్యలోనే వదిలేసి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

మిషన్ స్కూల్లో మేం స్టీలు డబ్బాల కోసం అప్పజెప్పిన వచనాల్లో సగం ఇదే గోల. రోగంతో ఉన్నవాణ్ణి చూశావా, జైల్లో ఉన్నవాడి దగ్గరికి వెళ్ళావా, పాపం చేసిన ఆడమనిషి మీద రాయి పట్టుకున్నవాడా, నీ సంగతేంటి? అక్కడ ఎక్కడా దూరం నుంచి ప్రార్థన చేస్తే చాలని లేదు. పొరపాటు ముందు నాదే అనిపించింది. అక్క అడిగినదాని తర్వాత నా పొరపాటు చాలా చిన్నదైపోయింది. ఒక్కరు ఫోన్ చేసి "ఏమైందమ్మా" అని అడిగితే తేలిపోయేది. ఎవరూ అడగలేదు. అడిగితే సహాయం చేయాల్సి వస్తుంది, ప్రార్థన అయితే కుర్చీలోంచే అవుతుంది.

పైగా ప్రార్థన ఊళ్ళు తిరిగింది. డబ్లిన్ పక్కన క్లోనీ అనే ఊళ్ళో ఉన్న సాటి సంఘంలో ఆడవాళ్ళ కూడికలో విన్నపంగా చెప్పుకున్నారట. లిమరిక్‌లో ఎవరో ఉపవాసం ఉన్నారట. అక్క మొహం కూడా ఎరగని వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని నా క్లాస్‌మేట్ వచ్చి చెప్పాడు. వాడు కూడా నన్ను కొంచెం కొత్తగా, కొంచెం గౌరవంగా చూశాడు, ఆ చూపుకు ఇంకో లెక్క ఉంది, తర్వాత చూసుకుంటాను. చాడీ చెప్తే పాపం తగులుతుంది. ప్రార్థన విన్నపానికి ఏదీ తగలదు. మా వాళ్ళు అంతకన్నా మంచోళ్ళనడం లేదు. మా గుడి బ్యాచ్‌లో అయితే కళ్ళు మూసుకునే మర్యాద కూడా లేకుండా నేరుగా ఫోన్లు చేసుకునేవాళ్ళు.

"ఏదీ పెట్టకు" అంది అక్క. "వాళ్ళు రావాలి. వచ్చి, నా క్లాసు అందరి ముందు ఎలా తీసుకున్నారో అలాగే అందరి ముందు తిరిగివ్వాలి. నాకు అదొక్కటే కావాలి."

"సరే, ఏదీ పెట్టను" అన్నాను. వచ్చినవాళ్ళతో ఏం మాట్లాడాలో మాత్రం ఆమె చెప్పలేదు.

కొన్నాళ్ళకి వచ్చారు. శనివారం మధ్యాహ్నం. అంకుల్‌ది వరంగల్ వైపు. ఇస్త్రీ చొక్కా, చంకలో బైబిల్, మొహంలో చావింటి గంభీరం. ఆంటీ చేతిలో క్యారేజీ లేదు. అది ముందు చూశాను. అక్క ముందుగదిలో ఉంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను వాళ్ళని పక్కదారిన వంటింట్లోకి తీసుకెళ్ళాను.

"బాబూ, ముందుగాల నీతోని మాట్లాడాలె" అన్నారు అంకుల్.

"కూర్చోండి అంకుల్. టీ పెట్టమంటారా?"

"వద్దు. ఇది టీ తాగే సందర్భం కాదు."

"నాకు చక్కెర లేకుండా కొంచెం" అంది ఆంటీ.

టీ పెట్టాను. అంకుల్ గొంతు సవరించుకున్నారు. "ఎట్లయింది ఇదంతా?"

"ఒక్క క్షణంలో అయిపోయింది అంకుల్. వాతావరణం అలాంటిది."

"వాతావరణమా?"

"చలి కదా అంకుల్. మనూళ్ళో అయితే ఇలా జరిగేదే కాదు."

అంకుల్ కళ్ళు మూసుకున్నారు. "ఈ దేశం చలి ఎంతమందిని పాడు చేసిందో. ఎక్కడ జరిగింది?"

"వెనక మెట్ల మీద."

"మెట్ల మీదనా!" ఆంటీ కప్పు సగం దారిలో ఆగిపోయింది.

"పొద్దున్నే ఆంటీ. డ్యూటీకి బయల్దేరుతూ."

"ఎవరన్న చూసిన్రా?"

"పక్కింటి తాత చూశాడు. కంచె దాటి వచ్చి ఆయన కూడా పట్టుకున్నాడు."

"ఆయన కూడనా? ప్రభువా!"

"పెద్దాయనే గానీ బలం ఉంది అంకుల్. నా వల్ల కాలేదు, ఆయనే చేశాడు."

అంకుల్ జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. నాలో ఎక్కడో ఒక మంచివాడు ఇక చాలన్నాడు. వాణ్ణి కూర్చోమన్నాను. రోజుల తరబడి కిటికీ పక్కన దుప్పటి సర్దుకున్న మనిషి నా కళ్ళ ముందు ఉంది.

"ఇంతకు ముందు ఎన్నడన్న..."

"పోయిన చలికాలంలో ఒకసారి, సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో. అప్పుడు పెద్దగా ఏం కాలేదు. లేచి దులుపుకుని వెళ్ళిపోయింది."

"దులుపుకొని!" అంది ఆంటీ.

"మరి ఆ బిడ్డకి పశ్చాత్తాపం ఉన్నదా?"

"చాలా ఉంది అంకుల్. ఆ చెప్పులు వేసుకోకుండా ఉండాల్సిందని రోజూ అనుకుంటుంది."

అంకుల్ కనుబొమలు దగ్గరికి వచ్చాయి. చెప్పులు ఆయన కథలో ఇమడలేదు. నేను కంగారుగా ముందుకు లాగాను. "డాక్టర్ కూడా అదే అన్నాడు."

"డాక్టరా?" ఆంటీ చెయ్యి తనకు తెలియకుండానే తన కడుపు మీదికి వెళ్ళింది. గొంతు తగ్గించింది. "ఎన్నో నెల బాబూ?"

"ఇంకా మొదటి నెలే ఆంటీ. ఇప్పుడప్పుడే కాలు కింద పెట్టొద్దన్నారు."

ముందుగదిలోంచి ఒక చప్పుడు వచ్చింది. దిండులో మొహం పెట్టుకుని ఆపుకోబోయి ఓడిపోయిన మనిషి చప్పుడు.

"పాపం ఏడుస్తున్నది" అని ఆంటీ కప్పుతోనే లేచి తలుపు తీసింది.

అక్క నవ్వుతోంది. రెండు దిండ్ల మీద ఎత్తిపెట్టిన కాలు మోకాలి దాకా తెల్లగా ఉంది. పక్కన చంక కర్రలు. అంకుల్ కాలుని చూశారు, కర్రల్ని చూశారు, నన్ను చూశారు. ఆయన మొహంలో ఒక పెద్ద పాపం మెల్లగా కరిగి చిన్న ఎముకగా మారడం నేను దగ్గర్నుంచి చూశాను. నేను ఐర్లండ్ వచ్చాక చూసిన ప్రకృతి దృశ్యాల్లో అదే ఉత్తమం.

"దేవునికి స్తోత్రం!" అన్నారు అంకుల్ రెండు చేతులూ ఎత్తి. "కాలేనా!"

"కాలే అంకుల్."

"అరే, మరి కాలని రాయొచ్చు గద బాబూ! ఎంత పరేషాన్ చేసినవ్!"

ఊహించిందే. తప్పు చివరికి అద్దెకున్న హిందువు మీదికి వచ్చి వాలింది. నేను నోరు తెరిచాను గానీ అక్క చెయ్యెత్తింది. నవ్వు ఆగిపోయింది.

"వాడు సరిగా రాయలేదు అంకుల్. ఒప్పుకుంటాను. కాలు కాకపోతే ఏం చేసేవాళ్ళు?"

"అంటే?"

"మీరనుకున్నదే అయ్యుంటే? అలా అనుకునే కదా ఇన్నాళ్ళూ రాలేదు?"

"ప్రార్థన చేసినం కదమ్మా" అంది ఆంటీ. "మేం చేసినం, క్లోనీల చేసిన్రు."

"క్లోనీలో నేనెవరికీ తెలీదు ఆంటీ. తెలిసింది మీకే. మీ అమ్మాయికి గొంతు నొప్పి వస్తే మిరియాల చారు పట్టుకొచ్చింది నేనే."

ఆంటీ కప్పులోకి చూసింది. అంకుల్ బైబిల్ ఆ చంక నుంచి ఈ చంకకి మార్చారు. "సరే సరే. అపార్థమైంది. మనం క్షమించుకునేటోళ్ళం. అయిపోయినదాన్ని తవ్వుకుంటే ఏమొస్తది?"

"క్షమించుకోవడం కాదు అంకుల్. మీరు అడగాలి, నేను ఆలోచించుకోవాలి. రేపు హాలుకి వస్తాను. నా క్లాసు నాకు తిరిగిచ్చానని మైకులో చెప్పండి. ఎందుకు తీసుకున్నారో కూడా చెప్పండి."

"ఈ కాలుతోని రేపే ఎందుకమ్మా?"

"ఈ కాలుతోనే రావాలి అంకుల్. మానిపోతే ఎవరూ నమ్మరు."

మర్నాడు తాత తన కారులో దింపాడు. నువ్వూ లోపలికి రా అంటే, తను అడుగు పెడితే కప్పు కూలుతుందని చెప్పి సిగరెట్ వెలిగించుకున్నాడు. అక్క కర్రల మీద నడుస్తుంటే హాల్లో తలలు గాలికి వరి చేను వంగినట్టు తిరిగాయి. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఖాళీలు వెనక చాలా ఉన్నాయి. కానీ నాకు అందరి మొహాలూ కావాలి.

పాటలయ్యాక, ఎవరో అలవాటుగా మైకు తీసుకుని, కొత్తగా వచ్చినవాళ్ళు లేచి పరిచయం చేసుకోమన్నారు. నేను లేచాను. ఆ అవకాశం వాళ్ళే ఇచ్చారు, నేనడగలేదు.

"అందరికీ వందనాలు. అక్క పడ్డప్పుడు పక్కన ఉన్నది నేనే" అన్నాను.

ఒకావిడ పక్కన కూర్చున్న మొగుడి మోచేయి పట్టుకుంది. నేను ఇంకేం చెప్పకుండా, అందరూ నన్ను తీరుబడిగా చూసుకునేదాకా నిలబడి, అప్పుడు కూర్చున్నాను. జీవితంలో ఏ బహుమతీ నాకంత తృప్తినివ్వలేదు, స్టీలు డబ్బాలతో సహా.

అంకుల్ గబగబా మైకు అందుకున్నారు. "సహోదర సహోదరీలారా, మన సిస్టర్ విషయంల భాషాపరంగ ఒక చిన్న గ్యాప్ వచ్చింది. దేవుని కృప వల్ల అంత మంచిదే. అందరం ఒక్కపారి చప్పట్లు..."

గ్యాపట. మెట్లు లేవు, కాలు లేదు, రాని మనుషులు లేరు, తీసుకున్న క్లాసు లేదు. ఆయన ప్రకటనలో ఎవరూ పడలేదు, ఎవరూ దేంట్లోంచీ తొలగించబడలేదు. అక్క మొహం చూశాను. కర్రల మీద వేళ్ళు బిగుసుకున్నాయి. నేను లేవబోయాను.

నాకన్నా ముందు అంకుల్, ఆంటీల సొంత కూతురు, ఎనిమిదేళ్ళది, కుర్చీ మీదికెక్కి నిలబడింది.

"మామ్! షీ ఫెల్! ఐ టోల్డ్ యూ షీ ఫెల్! లుక్ ఎట్ హర్ లెగ్!"

"కూర్చో" అంది ఆంటీ పళ్ళ బిగువున.

"ఐ సెడ్ వీ షుడ్ గో సీ హర్, అండ్ యూ సెడ్ నో, బికాజ్ షీ ఫెల్. బట్ దట్స్ వై యూ గో!"

అప్పుడు తెలిసింది. ఆ హాల్లో నా మెసేజ్ సరిగ్గా చదివింది తెలుగు సరిగ్గా రాని పిల్లలే. పడింది అంటే పడింది అనుకున్నారు. పడితే వెళ్ళాలనుకున్నారు. మిగతా అర్థాలు వాళ్ళకింకా ఎవరూ నేర్పలేదు. ఇదంతా కంట తడి పెట్టించే విషయమే గానీ, అదే సమయంలో ఆ పిల్ల కుర్చీ మడతపడి ధబాల్న కింద పడింది. అందరూ పరిగెత్తుకెళ్ళారు. పక్కన ఎవరున్నారని ఒక్కరూ అడగలేదు.

దెబ్బేం తగల్లేదు. ఆంటీ పిల్లని ఎత్తుకుని నిలబడింది. అంకుల్ చేతిలో మైకు ఇంకా ఉంది. కూతురు ఆయన్నే చూస్తోంది. ఆయన అటూ ఇటూ చూశారు, నేల చూశారు. ఈసారి గొంతులో మైకు గొంతు లేదు.

"సిస్టర్ మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నరు. మేం తప్పుగా అనుకున్నం. అనుకొని పోలేదు. క్లాసు తీసేసినం. అది తప్పు. క్లాసు ఆమెదే."

చప్పట్లు కొట్టమని ఆయన అనలేదు, ఎవరూ కొట్టలేదు. అక్క తల ఊపింది. క్షమించానని అనలేదు. నేను ఆమె దగ్గర్నుంచి అది వస్తుందేమోనని భయపడ్డాను, రాలేదు. కర్రలు సర్దుకుని, "పిల్లలూ, రండి" అంది. స్టేజీ వెనక గది వైపు నడిచింది. పిల్లలు ఒక్కొక్కరే ఆ కర్రలు ముట్టుకుని చూస్తూ వెనకే వెళ్ళారు. తలుపు వేసేముందు ఆమె హాలు వైపు తిరిగింది.

"అంకుల్, నేను ఇప్పట్లో బస్సెక్కలేను. ఆదివారాలు నన్ను ఎవరు తీసుకొచ్చి దింపుతారు?"

హాలంతా ఉన్నట్టుండి చెప్పుల వైపు చూసుకుంది. అంకుల్ మాత్రం తల దించుకునే వీలు లేని చోట నిలబడి ఉన్నారు. "మేమే సిస్టర్. ఇయ్యాల్టి నుంచే."

కాబట్టి మధ్యాహ్నం ఇంటికి వాళ్ళ కారులోనే వెళ్ళాం. కాలు చాపుకోవాలి కాబట్టి ముందు సీటు అక్కది. ఆ సీటు ఇన్నేళ్ళూ ఆంటీది, దానికి ఆమె కుట్టుకున్న కవరు కూడా ఉంది. ఆంటీ వెనక్కి వచ్చింది, సరిగ్గా అక్క వెనకే. మధ్యలో పిల్ల. ఈ పక్కన నేను. మా ముగ్గురి ఒళ్ళో అడ్డంగా చంక కర్రలు. వాటి రబ్బరు కొనలకి అంటిన బురద ఆంటీ పట్టుచీర మీద చక్కగా గుండ్రంగా అచ్చు పడింది. నేను చూశాను, ఆంటీ చూసింది.

"సీటు సరిపోయిందా సిస్టర్?" అన్నారు అంకుల్ కారు స్టార్ట్ చేస్తూ.

అక్క కాలు ముందుకి చాపి చూసుకుంది. "ఇంకొంచెం వెనక్కి జరపొచ్చా అంకుల్?" అంది.

జరిపారు.